పోతన భాగవతంలో ప్రభువు: గజేంద్రుడి ఆశ, ప్రహ్లాదుడి శాంతి

ఈ విభాగంలో మీకు పాఠ్యాంశంగా ఉన్న గజేంద్ర మోక్షణ ఘట్టాన్ని ఇప్పటికే చదివి ఉంటారు. కొందరికి అందులోని పద్యాలు బడిలో చదువుకున్న రోజుల నుంచే నోటికి వచ్చి ఉంటాయి. నోటికి రావడం మంచిదే. అయితే అందులో ఒక చిక్కు కూడా ఉంది. నోటికి వచ్చిన పద్యం గురించి మనం ఆలోచించడం మానేస్తాం. పరీక్షలో 'గజేంద్ర మోక్షణంలోని భక్తితత్త్వాన్ని వివరించండి' అని అడిగితే, 'ఆపదలో ఉన్న భక్తుణ్ణి భగవంతుడు రక్షిస్తాడు' అని రాసి, రెండు పద్యాలు ఉదాహరించి ముగిస్తాం. నేను చాలా ఏళ్లు దిద్దిన జవాబు పత్రాల్లో ఎక్కువ భాగం ఇలాగే ఉండేవి. అది తప్పు జవాబు కాదు. కాని ఆ జవాబు రాయడానికి పోతన అక్కరలేదు, కథ తెలిస్తే చాలు.

పోతనను చదివినవారు వేసుకోవలసిన ప్రశ్న వేరే ఉంది. ఈ లోకాన్ని ఏలేవాడు ఒకడున్నాడు అన్న నమ్మకం మనిషికి ఎప్పుడు ఆశగా మారుతుంది, ఎప్పుడు శాంతిగా మారుతుంది? మనం రోజూ 'శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు' అంటాం, 'పైవాడు చూసుకుంటాడు' అంటాం. ఈ మాటలు కొన్నిసార్లు ధైర్యం ఇస్తాయి. కొన్నిసార్లు చేయవలసిన పని ఎగవేయడానికి పనికొస్తాయి. ఇంకొన్నిసార్లు ఎదుటివాడి కష్టం మీద మన్ను కప్పడానికి కూడా పనికొస్తాయి. పోతనకు ఈ మూడింటి మధ్య తేడా బాగా తెలుసు. ఆ తేడా ఎక్కడ కనిపిస్తుందో ఏడు, ఎనిమిది స్కంధాలలోని మూడు కథల ద్వారా పరిశీలిద్దాం. మొదటి కథ మీ పాఠ్యాంశమే కాబట్టి దాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

రాజులు మారుతున్న కాలం

బమ్మెర పోతన పదిహేనో శతాబ్దపు కవి. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక తెలుగు నేల ఒక్క ఏలిక కింద నిలవలేదు. రేచర్ల వెలమ ప్రభువులు, కొండవీటి రెడ్లు, బహమనీ సుల్తానులు, ఆ తరవాత గజపతులు వచ్చారు. నిన్న పన్ను కట్టిన చేతికి కాక ఇవాళ మరో చేతికి కట్టవలసిన కాలం అది. అటువంటి కాలంలో 'ప్రభువు ఎవరు?' అన్నది వేదాంత గ్రంథాలలోని ప్రశ్న మాత్రమే కాదు. ఊళ్లో రైతు కూడా అడిగే ప్రశ్న.

పోతన భాగవతాన్ని రాజుకు అంకితం ఇవ్వలేదు. అవతారికలోనే ఆయన పక్షం స్పష్టంగా ఉంది. అధములైన రాజులకు కావ్యాన్ని అమ్ముకుని ఊళ్లూ వాహనాలూ ధనమూ పుచ్చుకుని, ఆపైన యముడి దెబ్బలు తినడం కన్నా శ్రీహరికి సమర్పించడం మేలని అక్కడ చెప్పారు. సర్వజ్ఞ సింగభూపాలుడు కావ్యాన్ని తనకు ఇమ్మన్నాడనీ, పోతన కాదన్నాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ కథ చరిత్ర అవునా కాదా అన్న వాదంలోకి మనం పోనక్కరలేదు. అవతారికలో ఉన్న మాట మనకు చాలు. తాను పలికేది భాగవతమైతే పలికించేవాడు రామభద్రుడు అని కూడా అక్కడే అన్నారు. అంటే కావ్యం మీద హక్కు రాజుకే కాదు, కవికి కూడా లేదన్నమాట.

ఈ నేపథ్యం ఎందుకు చెబుతున్నానంటే, రాజు విష్ణువు అంశ అనే భావన మన దేశంలో పాతది. దేవుడు లోకాన్ని ఏలుతున్నాడు అన్న మాటను సింహాసనానికి ఆసరాగా వాడుకున్నవారు చాలామంది ఉన్నారు. పోతన ఆ మాటనే సింహాసనానికి ఎదురుగా నిలబెట్టారు. ఆయన చేతిలో ఈశ్వరుడి ఏలిక రాజుల ఏలికకు కొనసాగింపు కాదు, దానిని కొలిచే కొలమానం. గజేంద్రుడి కథను ఈ దృష్టితో చదివితే, మనకు బాగా తెలుసనుకున్న చోట్లే కొత్తగా కనిపిస్తాయి.

మడుగులో ఒక రాజు

గజేంద్రుడు మామూలు ఏనుగు కాదు. పేరులోనే ఇంద్రుడున్నాడు. పాలసముద్రం నడుమ త్రికూట పర్వతం, ఆ అడవిలో అతడి మంద, అతడి మాట. అడవి మృగాలు అతడి వాసనకే తప్పుకుంటాయి. మందతో కలిసి దాహానికి మడుగులో దిగి, నీళ్లను చిందరవందర చేస్తూ ఆడుకుంటున్నప్పుడు మొసలి పట్టుకుంది.

ఆ తరవాత జరిగిన పోరు వేయి సంవత్సరాలు. పోతన ఈ పోరును తేల్చి పారేయలేదు. ఏనుగు లాగుతుంది, మొసలి లాగుతుంది. రోజులు గడిచేకొద్దీ ఏనుగు బలం తరుగుతుంది, మొసలి బలం పెరుగుతుంది. అది స్థానబలిమి. ఇక్కడ మీరు గుర్తుపెట్టుకోవలసిన విషయం ఒకటుంది. గజేంద్రుడు మొసలి పట్టుకోగానే చేతులు జోడించలేదు. తనకు చేతనైనదంతా చేశాడు. శరణాగతి అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం అని ఎవరైనా అంటే, ఈ వేయి సంవత్సరాలను వారికి చూపించండి.

పోరులో ఓడిపోతున్నప్పుడు గజేంద్రుడి మనసులో వచ్చే మొదటి ఆలోచన దేవుడి గురించి అయినా, వెంటనే వచ్చేది తన గురించే. తనను ఎన్నో ఏనుగుల గుంపులు ఎంతకాలంగా సేవించాయి! దశలక్షల కోట్ల ఆడ ఏనుగులకు తాను నాథుడు! చల్లటి చందనపు నీడలో ఉండకుండా నీటి మీది ఆశతో ఇక్కడికెందుకు వచ్చాను అని వాపోతాడు. ఈ పద్యాన్ని మనం విషాదంగా చదువుతాం. నిజమే. కాని అది ఒక పదవీచ్యుతుడి మాట కూడా. తన ఏలిక లెక్క చెప్పుకుంటున్నాడు. ఆ లెక్క ఇప్పుడు పనికిరాదని తెలుస్తూ ఉండగా చెప్పుకుంటున్నాడు. ఆ కోట్ల మందలో ఒక్కటీ మొసలి పట్టు విడిపించలేకపోయింది.

అప్పుడు గాని స్తుతి మొదలు కాదు. ఎవరి వల్ల జగత్తు పుట్టి, ఎవరిలో నిలిచి, ఎవరిలో లయమవుతుందో ఆ ఈశ్వరుణ్ణి శరణు కోరుతున్నానని మొదలుపెడతాడు. లోకాలూ, లోకాలను ఏలేవారూ, లోకంలో ఉండేవారూ అందరూ లేకుండా పోయిన తరవాత కూడా, ఆ చీకటికి అవతల వెలిగేవాణ్ణి కొలుస్తానంటాడు. 'ఏలేవారు' కూడా పోయేవారి జాబితాలో ఉన్నారని గమనించండి. గజేంద్రుడు తనను కూడా అందులో చేర్చుకున్నాడు. ఒక రాజు ఇంకొక రాజును గుర్తించే క్షణం ఇది. ఆశకు ఇక్కడ మొదటి మెట్టు పడింది.

మొదటి మెట్టు మాత్రమే. ఎందుకంటే వెంటనే అతడికి అనుమానం వస్తుంది. దీనుల పక్కన ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు. ఇలా అందరూ ఉన్నాడు ఉన్నాడు అనేవాడు అసలు ఉన్నాడా, లేడా? మీకందరికీ తెలిసిన పద్యమే. దాని గట్టితనం తెలియాలంటే సంస్కృత మూలం పక్కన పెట్టి చూడాలి. వ్యాస భాగవతం ఎనిమిదో స్కంధం మూడో అధ్యాయంలో గజేంద్రుడి స్తుతి ఉంది. అది గంభీరమైన వేదాంత స్తుతి. నిర్గుణాన్ని, కారణరహితమైన కారణాన్ని నమస్కారాలతో కీర్తిస్తుంది. అందులో గజేంద్రుడు జ్ఞానిలా మాట్లాడతాడు. పూర్వజన్మలో నేర్చిన స్తోత్రాన్ని జపించాడని మూలం చెబుతుంది కూడా. ఉన్నాడా లేడా అనే ఆ ప్రశ్న మాత్రం అక్కడ ఇలా కనిపించదు. దానిని పోతన తెచ్చారు.

ఎందుకు తెచ్చారు? నాకు తోచిన సమాధానం ఇది. నమ్మకం వల్ల ఆశ పుడుతుందని మనం అనుకుంటాం. పోతన గజేంద్రుడిలో క్రమం అలా లేదు. నమ్మకం సడలినచోట, ఇంకే దారీ లేనప్పుడు, అయినా పిలవడం మానకపోవడమే అక్కడ ఆశ. అనుమానం తీరాక పిలవలేదు, అనుమానంతోనే పిలిచాడు. బలం కొంచెమైనా లేదు, ధైర్యం చెదిరింది, ప్రాణాలు తావు తప్పాయి, ఒళ్లు అలిసింది, నువ్వు తప్ప ఇంకెవరూ తెలియదు, రా అని పిలిచే పద్యం అనుమానం తరవాతనే ఉంది. దేవుడి ఏలిక మీద నమ్మకం అంటే సందేహం లేకపోవడం అని నేర్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఈ ఘట్టం అలా నేర్పదు.

పరివారం లేని ప్రభువు

ఆ పిలుపు చాలామంది విన్నారు. బ్రహ్మాదులు విన్నారు, విని ఊరకుండిపోయారు. వారికి విశ్వమంతా నిండి ఉండే గుణం లేదు కాబట్టి అడ్డుపడలేదని పోతన చెబుతారు. దరఖాస్తు పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరిగినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. 'ఇది మా పరిధిలోకి రాదండీ' అన్న మాట వైకుంఠానికి కింది అంతస్తులన్నిటిలోనూ వినిపించిందన్నమాట. విశ్వమంతా ఎవరి పరిధిలో ఉందో అతడొక్కడే కదిలాడు.

అతడు ఎక్కడ ఉన్నాడో చెప్పే పద్యం నిర్మాణం చూడండి. మొదట వైకుంఠ నగరం, అందులో మేడల సముదాయం, అందులో ప్రధాన భవనం, దాని దగ్గర మందారవనం, అందులో అమృత సరస్సు, ఒడ్డున చంద్రకాంత శిలలు, వాటి మీద కలువల పాన్పు, చివరికి ఆ పాన్పు మీద లక్ష్మితో వినోదిస్తున్న స్వామి. బయటి నుంచి లోపలికి, లోపలి నుంచి ఇంకా లోపలికి పద్యం నడుస్తుంది. ఇది కొలువుకూటం కాదు, అంతఃపురం. ఏ రాజ్యంలోనైనా సామాన్యుడి మాట చేరని చోటు అదే. మడుగులోని ఏనుగు పిలుపు ఇన్ని ప్రాకారాలు దాటి నేరుగా అక్కడికి చేరింది.

ఆ తరవాతది మరీ ప్రసిద్ధం. లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు పట్టలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయలేదు, చెదిరిన జుట్టు సవరించుకోలేదు, చివరికి ఆమె కొంగు కూడా వదలలేదు. మూలంలో హరి గరుడుడి మీద, చక్రం ధరించి, దేవతలు స్తుతిస్తూ ఉండగా వస్తాడు. ఏనుగు దీనస్థితి చూశాక వాహనం దిగుతాడు. వ్యాసుడి హరి సార్వభౌముడిలా వచ్చాడు. పోతన హరి సార్వభౌమత్వ చిహ్నాలన్నీ ఇంట్లో వదిలేసి వచ్చాడు. తరవాత చూస్తే లక్ష్మి ఆయన వెనక, ఆమె వెనక అంతఃపుర స్త్రీలు, వారి వెనక గరుడుడు, ఆయుధాలు, నారదుడు, విష్వక్సేనుడు, చివరికి వైకుంఠంలోని ఆబాలగోపాలం పరుగు. రాజు ముందు, ఊరేగింపు వెనక. వరస తలకిందులయింది.

ఈ పద్యం మీద శ్రీనాథుడు ఆక్షేపించాడని ఒక కథ మన వాళ్లు చెప్పుకుంటారు. ఆయుధం లేకుండా వెళ్లి ఏం చేస్తాడయ్యా అని ఆయన అన్నాడట. పోతన అప్పుడు ఊరుకుని, తరవాత బావిలో రాయి వేయించి, బిడ్డ పడిందని కేక పెట్టించాడట. శ్రీనాథుడు తాడూ నిచ్చెనా లేకుండా పరుగెత్తి వచ్చాడట. ఇది జరిగిందనడానికి ఆధారం లేదు, వాళ్లిద్దరి బంధుత్వపు కథలకూ లేదు. కాని ఎవరో పేరు తెలియని మంచి విమర్శకుడు కల్పించిన కథ ఇది. పోతన ప్రభువును రాజుతో కాక తండ్రితో పోల్చి చూడాలని ఈ కథ చెబుతోంది. ఇంత చక్కటి వ్యాఖ్య పెద్ద పెద్ద గ్రంథాలలో కూడా నాకు తారసపడలేదు.

ఆపద మధ్యలో పోతన లక్ష్మీదేవికి కేటాయించిన పద్యాలను మాత్రం మన పాఠ్యపుస్తకాలు తరచు కత్తిరిస్తాయి. ఎక్కడికి వెళుతున్నారో అడుగుదామని ఆమె గబగబా ముందుకు నడుస్తుంది. అడిగితే బదులు చెప్పడేమోనని ఆగుతుంది. మళ్లీ నడుస్తుంది, మళ్లీ ఆగుతుంది. ఏనుగు ప్రాణం పోతుంటే ఈ సరదా ఏమిటని కొందరు విమర్శించవచ్చు. నాకు ఇక్కడే కవి నమ్మకం కనిపిస్తుంది. ప్రభువు బయలుదేరాడు. ఇక కవికి తొందర లేదు.

అందరికీ వచ్చాడా?

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఒక ఆదివారం సంపర్క తరగతిలో ఈ పాఠం అయిపోయాక, వెనక బెంచీలో కూర్చున్న ఒక విద్యార్థిని లేచింది. పగలు ఉద్యోగం చేసుకుంటూ చదువుకుంటున్న అమ్మాయి. 'ఏనుగు పిలిస్తే వచ్చాడు సార్, సరే. మా నాన్న ఆసుపత్రిలో నలభై రోజులు పిలిచాడు. రాలేదు' అంది. తరగతి అంతా నిశ్శబ్దం. ఆ ప్రశ్నకు పోతన దగ్గర ఏముందో చూడకుండా 'భక్తరక్షణ' అని రాయడం నాకు ఆ తరవాత కష్టమయింది.

భాగవతంలో దీనికి ఒక సమాధానం ఉంది. గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు. మలయపర్వతం మీద మౌనంగా విష్ణుపూజ చేసుకుంటూ, అగస్త్యుడు వస్తే లేచి మర్యాద చేయలేదు. అందుకు శాపం. మొసలి దేవల శాపం పొందిన హూహూ అనే గంధర్వుడు. కథ చివర ఇద్దరికీ విముక్తి. లెక్క సరిపోయింది. కాని నిజంగా సరిపోయిందా? ఇంద్రద్యుమ్నుడు ఆ సమయంలో చేస్తున్నది విష్ణుపూజే కదా! పూజలో మునిగి మునిని గమనించనివాడికి ఇంత శిక్షా అన్న ప్రశ్న మిగిలే ఉంది. కర్మ లెక్కలు కష్టానికి చరిత్ర చెబుతాయి, ఓదార్పు ఇవ్వలేవు. పోతన మూలంలో ఉంది కనుక ఈ శాపకథ చెప్పారు. ఆయన కవిత్వపు శక్తి అక్కడ లేదని చదివేవారికి తెలిసిపోతుంది. ఆయన శక్తి అంతా పిలుపులో ఉంది, పరుగులో ఉంది.

ఆ అమ్మాయికి నేను గజేంద్రుణ్ణి చూపించి జవాబు చెప్పలేదు. ఏడో స్కంధం తెరవమన్నాను. ఎందుకంటే రక్షణ ఎప్పుడొస్తుందో తెలియనివాడి కథ అక్కడుంది.

మీలో చాలామందికి ప్రహ్లాదుడు 1967లో వచ్చిన 'భక్త ప్రహ్లాద' సినిమా ద్వారా తెలిసి ఉంటాడు. ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడు కళ్ల ముందు నుంచి పోడు. సినిమా చూపించేది ప్రధానంగా అద్భుతాలు. పోతన చూపించేది ఒక వాదం. హిరణ్యకశిపుడు కేవలం క్రూరుడైన తండ్రి కాదు. దిక్పాలకుల అధికారాలన్నీ లాక్కుని, లోకాన్ని ఏలేది తానే అని ప్రకటించిన సార్వభౌముడు. కొడుకును అతడు అడిగేది కూడా అధికారం గురించే. నేను కోపిస్తే లోకాలు వణుకుతాయే, ఎవడి బలం చూసుకుని నా మాట కాదంటున్నావు? ప్రహ్లాదుడి సమాధానం ఎంత సూటిగా ఉంటుందంటే, బలవంతులకూ బలహీనులకూ బలం ఎవడో, మీకూ నాకూ బలం ఎవడో, అతడే నా బలం అంటాడు. తండ్రి బలాన్ని కాదనలేదు. అది అరువు తెచ్చుకున్నదని గుర్తుచేశాడు. ఆపైన లోకాలన్నీ గడియలో గెలిచావు గాని నీ ఇంద్రియాలనూ మనసునూ గెలవలేకపోయావు అని కూడా అంటాడు. ఎవరి ఏలికలో ఉన్నామో తెలిసినవాడికి, ఏలుతున్నానని అనుకునేవాడి ముందు భయం ఉండదు. ఈ కథలో శాంతి అంటే ఇదే.

ఇక హింసల ఘట్టం. రాక్షసులు పొడుస్తుంటే ఆ బాలుడు దేవుడి పేర్లు మాటిమాటికి తలుచుకుంటాడు. కన్నీరు పెట్టడు, వణకడు. లేచి పారిపోడు, చేతులు అడ్డం పెట్టడు, తండ్రిని నిందించడు, తల్లిని పిలవడు. గజేంద్రుడి పిలుపులో ఉన్న 'రా, కాపాడు' అన్న వేడికోలు ఇక్కడ లేదు. గజేంద్రుడికి శాంతి రక్షణ తరవాత వచ్చింది. ప్రహ్లాదుడికి రక్షణకు ముందే ఉంది. సంస్కృత మూలంలో ఒక విశేషం ఉంది. దేవతలు మొరపెట్టుకున్నప్పుడు అశరీరవాణి, వైరం లేని శాంతుడైన తన కొడుక్కి ద్రోహం తలపెట్టిన నాడు ఇతణ్ణి చంపుతానని చెబుతుంది. దేవతల పదవులు పోయినప్పుడు కాదు, ఒక శాంతుడి ఒంటి మీద దెబ్బ పడినప్పుడు.

స్తంభం దగ్గర ప్రహ్లాదుడు చెప్పే మాట మీకు తెలుసు. అతడు ఇక్కడున్నాడు అక్కడ లేడు అనే సందేహమే అక్కరలేదంటాడు. ఇప్పుడు ఈ పద్యాన్నీ గజేంద్రుడి అనుమానపు పద్యాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రాసింది ఒకే కవి. ఒకచోట సందేహం అక్కరలేదు, మరొకచోట ఉన్నాడో లేడో. గ్రంథక్రమంలో సందేహం లేని పద్యం ముందు, ఏడో స్కంధంలో వస్తుంది. సందేహపు పద్యం ఎనిమిదో స్కంధంలో వస్తుంది. సందేహం తీర్చి ముగించడం కవి ఉద్దేశమైతే ఈ వరస నచ్చకపోయేది. మూలంలోని క్రమమే ఇది, నిజమే. కాని ఎనిమిదో స్కంధంలోకి ఆ సందేహాన్ని తెచ్చింది పోతనే కదా! నిశ్చయాన్ని అంత ఉజ్జ్వలంగా రాసినవాడు, అనుమానానికి కూడా అంతే గౌరవం ఇచ్చాడు. ప్రహ్లాదుడి స్థాయి అందనివాళ్లకు గజేంద్రుడి స్థానం ఉందన్నమాట.

మూలంలో ప్రహ్లాదుడు నరసింహుణ్ణి కోరే కోరికలు కూడా చదవండి. దీనులను వదిలేసి ఒక్కణ్ణే ముక్తి పొందాలని లేదంటాడు. తనను హింసించిన తండ్రి పాపం పోవాలని వరం అడుగుతాడు. శాంతి అంటే ఇంట్లో తలుపు వేసుకుని కూర్చోవడం అయితే ఈ రెండు కోరికలూ పుట్టవు.

బలి కథను క్లుప్తంగా ముగిస్తాను, తరవాతి పాఠంలో అది వివరంగా ఉంది. మూడు లోకాలు ఏలుతున్న చక్రవర్తి వామనుడికి మూడడుగులు ఇచ్చి, రెండడుగులకే అంతా పోగొట్టుకుని, వరుణపాశాలతో కట్టుబడ్డాడు. ఇంతకు ముందు రాజులు లేరా, వాళ్లు వెళ్లేటప్పుడు ఏం మూటకట్టుకుపోయారు అని శుక్రాచార్యుడితో ముందే అన్నవాడు కనుక తూలిపోలేదు. మూలంలో అతడి భార్య వింధ్యావళి నాలుగు మాటల్లో చెప్పింది ఇంకా పదునుగా ఉంటుంది. నీ క్రీడ కోసం నువ్వు చేసుకున్న లోకాలకు తామే యజమానులమనుకునేవారు తెలివితక్కువవారు అంటుంది. భర్త కట్టుబడి ఉండగా ఆమె అన్న మాట ఇది.

అదే ఘట్టంలో భగవంతుడు, నేను ఎవరిని కరుణించదలచుకుంటానో వాడి సంపదంతా హరిస్తాను అంటాడు. ఈ మాటను జాగ్రత్తగా చదవాలి. ఇది చక్రవర్తి గురించి, అతడి మదం గురించి అన్న మాట. సంపద వల్ల మనిషి లోకాన్నీ దేవుణ్ణీ అవమానిస్తాడని అక్కడే కారణం ఉంది. పంట పోయిన రైతుకో, జీతం రాని కూలికో ఈ వాక్యం చూపించి 'నీ మీద దేవుడికి దయ కలిగింది' అనడం భాగవతం చెప్పిన ధర్మం కాదు. ఒక వాక్యం ఎవరు ఎవరితో అన్నారో వదిలేసి దానిని సూక్తిగా వాడుకోవడం వల్ల కవులకు జరిగిన అన్యాయం ఇంతా అంతా కాదు. ఇక ఈ కథలో ప్రభువు బలికి ఇచ్చిందేమిటి? సుతలలోకం, దాని గుమ్మం దగ్గర కాపలాదారుగా తానే. గజేంద్రుడి దగ్గరకు పరివారం లేకుండా వచ్చినవాడు, ఇక్కడ తానే పరివారమయ్యాడు.

వ్యాసం రాసేటప్పుడు ఈ మూడు కథలనూ ఒకే మూసలో పోయకండి. ముగ్గురూ అడిగినది ఒకటి కాదు, ముగ్గురికీ దొరికినది ఒకటి కాదు. అలాగే పోతన భాగవతం అన్నప్పుడు పన్నెండు స్కంధాలూ ఆయనవే అని రాయకండి. అయిదో స్కంధం గంగన, ఆరోది సింగన, చివరి రెండూ వెలిగందల నారయ రాసినవి. మనం చూసిన ఏడు, ఎనిమిది స్కంధాలు పోతనవే.

గజేంద్ర మోక్షణాన్ని మళ్లీ చదివినప్పుడు మొసలి తల తెగిన దగ్గర ఆగకండి. చాలామంది అక్కడే పుస్తకం మూస్తారు. ఆ తరవాత ఒక పద్యం ఉంది. పట్టు వదిలిన కాళ్లను ఆ ఏనుగు ఆడించుకుంటుంది. చీకటి విడిచిన చంద్రుడిలా ఉంటుంది. ఆడ ఏనుగులు తొండాలతో అతడి మీద నీళ్లు పోస్తాయి. అతడు దశలక్షల కోట్లకు నాథుణ్ణని ఈసారి లెక్క చెప్పుకోలేదు. స్నానం చేయించుకుంటూ నిలబడ్డాడు.